తెరచాప ఓడకు టికెట్ కొనేముందు గాలివాటం చూడండి

తెరచాప ఓడలో ఏడు రాత్రులు, ఆరు దీవులు. ఇలాంటి ప్యాకేజీ చేతికి రాగానే చెన్నైలో, బెంగళూరులో మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండు. "ఓడ నిజంగా గాలితోనే నడుస్తుందా, తెరచాపలు అందానికేనా?" అన్నది మొదటిది. "గాలితోనే నడిస్తే, ఫలానా రోజు ఉదయం ఎనిమిదింటికి ఫలానా దీవికి చేరతామని ఆర్నెల్ల ముందే ఎలా రాసిచ్చారు?" అన్నది రెండోది. రెండూ సరైన ప్రశ్నలే. కాకపోతే ధర, గది, భోజనం అన్నీ మాట్లాడుకున్నాక చివర్లో అడుగుతారు. వీటికి జవాబు తెలిశాకే ధర సంగతి చూడాలి. ఒకే పేరుతో అమ్ముడయ్యే రెండు ప్రయాణాల్లో ఒకటి రాత్రంతా ఇంజిను రొదతో సాగుతుంది, ఇంకోదాంట్లో పక్క మీద పడుకుంటే ఓడ పక్కలను ఒరుసుకుంటూ పోయే నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేదీ వినపడదు. ఆ తేడా ఓడలో కొంతే ఉంది. ఎక్కువ భాగం దీవుల వరసలోనూ, ఆ నెలలో వీచే గాలిలోనూ ఉంది.

కొయ్యలు కాదు, అడ్డకొయ్యలు చూడాలి

ఫొటో చూడగానే అందరం తెరచాప కొయ్యలు లెక్కపెడతాం. చూడాల్సింది ఆ కొయ్యలకు అడ్డంగా బిగించిన దూలాలను. వాటిని అడ్డకొయ్యలు అందాం. అడ్డకొయ్యకు వేలాడే నాలుగు మూలల చాప ఓడకు అడ్డంగా నిలబడి వెనకనుంచి వచ్చే గాలిని పట్టుకుంటుంది. ఓడ పొడవునా నిలబడే చాపలు వేరు. అవి చాలావరకు మూడు మూలలవి, కొయ్యకో, కొయ్యల మధ్య బిగించిన తాళ్ళకో కట్టి ఉంటాయి. పక్కనుంచి, కాస్త ఎదురునుంచి వచ్చే గాలిని కూడా అవి వాడుకుంటాయి.

అన్ని కొయ్యలకూ అడ్డకొయ్యలుంటే ఫుల్ రిగ్డ్ షిప్. చివరి కొయ్యకు తప్ప మిగతావాటికి ఉంటే బార్క్. ముందు కొయ్యకు మాత్రమే ఉంటే బార్కెంటైన్. పొడవు చాపలే ప్రధానమైతే స్కూనర్. మన నౌకాదళం శిక్షణ ఓడ ఐఎన్ఎస్ తరంగిణి మూడు కొయ్యల బార్క్. గోవా షిప్‌యార్డ్‌లో తయారై 1997లో నౌకాదళంలో చేరింది, 2003-04లో భూమి చుట్టి వచ్చింది. దాన్ని టికెట్ కొని ఎక్కలేం. కానీ దాని ఫొటో ఒకసారి పరీక్షగా చూస్తే బార్క్ అంటే ఏమిటో ఇక మరచిపోరు.

ప్రయాణికుల ఓడల్లో స్టార్ ఫ్లయర్, స్టార్ క్లిప్పర్ అక్కచెల్లెళ్ళు. 1990ల మొదట్లో బెల్జియంలో కట్టిన ఈ రెండూ నాలుగు కొయ్యల బార్కెంటైన్లు, ఒక్కోదానికి 16 చాపలు. 2000లో వచ్చిన రాయల్ క్లిప్పర్‌కు ఐదు కొయ్యలు, 42 చాపలు, అన్ని కొయ్యలకూ అడ్డకొయ్యలు. 1931లో జర్మనీలోని కీల్‌లో కట్టిన సీ క్లౌడ్ నాలుగు కొయ్యల బార్క్. వీటన్నిటిలోనూ ఇంజిను ఉంది, ఉండి తీరాలి. రేవులోకి దూరేటప్పుడు, గాలి పడిపోయినప్పుడు, ఎదురుగాలిలో అదే దిక్కు. కాబట్టి "ఇంజిను ఉందా?" అని అడగడం దండగ. "ఈ దారిలో, ఈ నెలలో రోజుకు సగటున ఎన్ని గంటలు చాపల మీదే నడుస్తుంది?" అని అడగాలి.

ఎదురుగాలిలో దారి రెట్టింపు

ఏ తెరచాప ఓడా గాలి వచ్చే దిక్కుకు సూటిగా పోలేదు. గాలి దిక్కునుంచి కొంత కోణం తప్పించి పోవాల్సిందే. పొడవు చాపల పడవకు ఆ కోణం సుమారు 45 డిగ్రీలు. అడ్డకొయ్యల ఓడకు 60 నుంచి 67 దాకా. అంతకంటే దగ్గరికి తిప్పితే చాపలు గాలి పట్టక కొట్టుకుంటాయి, ఓడ నిలిచిపోతుంది.

ఎదురున్న దీవికి చేరాలంటే కాసేపు ఎడమకు, కాసేపు కుడికి వాలుగా పోవాలి. 60 డిగ్రీల కోణంలో వంకర టింకరగా పోతే 10 మైళ్ళ దారి 20 మైళ్ళవుతుంది. పైగా గాలి ఓడను పక్కకు నెట్టేస్తుంటుంది, అలలు ముందుకు పోనివ్వవు. ప్రతి మలుపులోనూ కొంత సాధించింది పోతుంది. లెక్కలో 20 ఉన్నది సముద్రంలో 25కు పైగా తేలుతుంది. తెల్లారేసరికి దీవిలో ఉండాలన్న కెప్టెన్ ఈ బేరానికి ఒప్పుకోడు, ఇంజిను వేస్తాడు. ప్రయాణికులు దాన్ని మోసం అనుకోకూడదు. తెలుసుకోవాల్సింది ఒకటే: మనం కొంటున్న దారిలో ఎదురుగాలి వంతు ఎంత?

కరీబియన్ దీవులు ఎందుకు కుదిరాయి

బడిలో భూగోళం పాఠంలో చదివిన వ్యాపార పవనాలే ఇక్కడ ఓడను నడిపేవి. కరీబియన్ తూర్పు అంచున గ్రెనడా నుంచి ఆంటిగ్వా దాకా, 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 17 దాకా, దీవులు దాదాపు ఉత్తర దక్షిణంగా వరసకట్టి ఉన్నాయి. గాలి తూర్పునుంచో ఈశాన్యం నుంచో వస్తుంది. శీతాకాలంలో వేగం తరచు 15 నుంచి 20 నాట్లు. (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు.) పైకి వెళ్ళినా కిందికి వచ్చినా గాలి ఓడ పక్కనే తగులుతుంది, పక్కగాలి ఓడకు చుట్టం లాంటిది. రానుపోను రెండు దారులూ చాపల మీద సాగే దీవుల వరస ప్రపంచంలో ఎక్కువ చోట్ల లేదు. ఈ ఓడలు అక్కడికి చేరడానికి కారణం తెల్లటి ఇసుక ఒక్కటే కాదు.

అక్కడా ఒక కిటుకు ఉంది. గ్రెనడా నుంచి సెయింట్ లూసియాకు దారి సూటిగా ఉత్తరం కాదు, కొంచెం తూర్పుకు ఒరిగి ఉంటుంది. గాలి తూర్పు వదిలి ఈశాన్యానికి జరిగిందంటే అడ్డకొయ్యల ఓడ ఆ దారి పట్టలేదు. అదే గాలిలో ఉత్తరం నుంచి దిగే ఓడ హాయిగా పరుగెడుతుంది. వారం వారం దారి మార్చి నడిపే ఓడల్లో, తక్కిన విషయాలన్నీ సమానమైతే, దక్షిణానికి దిగే వారం కొనడం మంచిది.

ఏ ప్యాకేజీనైనా ఇంట్లో కూర్చుని పరీక్షించే పద్ధతి ఒకటుంది. అక్షాంశంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే ఒక నాటికల్ మైలు. సెయింట్ లూసియాలోని కాస్ట్రీస్ 14 డిగ్రీల 1 నిమిషం దగ్గరుంది. డొమినికాలోని రోజో 15 డిగ్రీల 18 నిమిషాల దగ్గర. తేడా 77 నిమిషాలు, అంటే 77 మైళ్ళు. దారి కాస్త పడమరకు ఒరుగుతుంది కనక 80 అనుకుందాం. రాత్రి 10 గంటలకు బయల్దేరి ఉదయం 7కు చేరతామంటే 9 గంటలు, సగటున దాదాపు 9 నాట్లు. మంచి పక్కగాలిలో పెద్ద ఓడ ఆ వేగం అందుకోగలదు. మరి ఇదంతా చాపల మీదేనా? కాదు. దారి మధ్యలో మార్టినిక్ దీవి ఉంది. దాని ఉత్తరాన 1,397 మీటర్ల ఎత్తున పెలే అగ్నిపర్వతం ఉంది. తూర్పుగాలి ఆ కొండలకు తగిలి ఆగిపోతుంది. పడమటి పక్కన మైళ్ళ పొడవునా గాలి నీడ పరుచుకుంటుంది. చెట్టుకింద ఎండ పడనట్టే అక్కడ గాలి ఉండదు. దీవి పొడవు సుమారు 35 మైళ్ళు, ఆ మేర ఇంజినే నడపాలి. ఆ దీవికి అటూ ఇటూ ఉన్న జలసంధుల్లో మాత్రం రెండు కొండల మధ్య గాలి ఇరుక్కుని వేగం పెంచుకుంటుంది, అల లేస్తుంది, ఓడ ఒక్కసారిగా ఒరిగి ఉరుకుతుంది. అసలైన తెరచాప ప్రయాణం అంటే ఆ నాలుగైదు గంటలే. రాత్రి భోజనం బల్ల మీద గ్లాసు జారడం మొదలైతే జలసంధిలోకి వచ్చామని గుర్తు. వెంటనే డెక్ మీదికి వెళ్ళండి. డబ్బు పెట్టింది దానికోసమే.

కొండ చాటున కాకుండా తూర్పు పక్కనుంచి పోవచ్చు కదా అని అడుగుతారు. అటు గాలి బాగా ఉంటుంది. కానీ ఓడకు, రాళ్ళున్న ఒడ్డుకు మధ్య అడ్డు ఏమీ ఉండదు. చాప చినిగినా తాడు తెగినా గాలి నెట్టేది నేరుగా ఒడ్డు మీదికే. బుద్ధి ఉన్న సరంగు ఎవరూ ఆ పక్కకు పోరు.

ఇదే లెక్క మరో ప్యాకేజీకి వేసి చూడండి. సగటు 11, 12 నాట్లు తేలితే ఆ కాలపట్టిక ఇంజినుకోసం రాసిందే.

మనకు దగ్గరలో

ఫుకెట్ చుట్టూ అండమాన్ సముద్రంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి నేల మీదుగా వస్తుంది. తీరం ఉత్తర దక్షిణంగా ఉంది, అందుకని పక్కగాలి దొరుకుతుంది. అల లేవదు. మొదటిసారి ఓడ ఎక్కే పెద్దవాళ్ళకు ఇంతకంటే మంచిచోటు చెప్పలేం. ఒక్కటే లోటు, కొన్ని రోజులు గాలి మరీ పలచబడి చాపలు వేలాడుతూ ఉండిపోతాయి.

ఇండొనేషియా సంగతి వేరు. దక్షిణ సులవేసిలో బీరా, తానా బేరు ఊళ్ళలో ఇప్పటికీ ఇసుక మీదే చెక్కతో కట్టే రెండు కొయ్యల, ఏడు చాపల ఓడ పినిసి. ఆ కట్టే విద్యను 2017లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. చూడముచ్చటైన ఓడ అది. కానీ బాలి నుంచి కొమొడో దాకా దీవులు తూర్పు పడమరలుగా ఉన్నాయి. జనం వెళ్ళే ఏప్రిల్-నవంబరు పొడి కాలంలో గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. తూర్పుకు పోవడమంటే గాలి ముఖాన పోవడమే. జలసంధుల్లో ప్రవాహాలు బలమైనవి, దారులు ఇరుకు. అందుకే అక్కడ పర్యాటక పినిసిలు చాలావరకు ఇంజిను మీద నడుస్తాయి, ఫొటోకోసం గంటో రెండు గంటలో చాప ఎత్తుతాయి. బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం, దిగగానే 30 రోజుల వీసా, అక్కడి డబ్బులో 5 లక్షల రుపయా రుసుము. ఇంత సులువు కనక ఎక్కువమంది మొగ్గేది అటే. పగడపు దిబ్బలు, కొమొడో బల్లులు చూడాలనుకుంటే వెళ్ళండి, చాలా బాగుంటుంది. చాపల మీద ప్రయాణంకోసమైతే వెళ్ళకండి. వెళ్ళేటప్పుడు రాత్రి కాపలా మనిషి మెలకువగా ఉంటాడా, పొగ పసిగట్టే అలారాలున్నాయా, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో ముందే అడగండి. చెక్క ఓడకు నీటికంటే నిప్పు భయం ఎక్కువ. గదిలో ఫోన్లు, కెమెరా బ్యాటరీలు ఛార్జింగ్‌లో వదిలి నిద్రపోవద్దు.

సీషెల్స్‌లో మే నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలి గట్టిగా, నమ్మకంగా ఉంటుంది. మాహే, ప్రాలిన్, లా డీగ్ దగ్గరదగ్గరగా ఉన్నాయి. చిన్న స్కూనర్లకు అనువైన చోటు.

నెల తప్పితే

గాలికాలం లెక్క మద్రాసు వాళ్ళకు ఒకరు నేర్పాల్సింది కాదు. రేవు లేని రోజుల్లో ఓడలు తీరానికి కాస్త దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. అక్టోబరులో గాలి తిరిగి ఈశాన్య రుతుపవనం మొదలయ్యే వేళకు తీరం వదిలి పోవాలన్నది కోరమండల్ తీరం మీద నావికులందరికీ తెలిసిన నియమం. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్డొనే నౌకలు అక్టోబరులోనూ ఇక్కడే ఆగి ఉండగా తుపాను విరుచుకుపడి ఆ దళాన్ని ఛిన్నాభిన్నం చేసింది.

కరీబియన్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆ నెలల్లో ధర తగ్గుతుంది. ఆ తగ్గింపు ఎందుకో మరచిపోకూడదు. 1998 అక్టోబరులో మిచ్ తుపాను వచ్చినప్పుడు ఫాంటోమ్ అనే నాలుగు కొయ్యల స్కూనర్ ప్రయాణికులను బెలీజ్‌లో దించి, తుపానును తప్పించుకోవడానికి బయటికి వెళ్ళింది. ఓడతోపాటు 31 మంది సిబ్బంది హోండురాస్ దగ్గర గల్లంతయ్యారు. తుపాను కాలం పోయాక కూడా డిసెంబరు చివర, జనవరిలో 25 నాట్లు దాటే గాలులు రోజుల తరబడి వీస్తాయి. వాటికి అక్కడ క్రిస్మస్ గాలులనే పేరుంది. పిల్లల సెలవులు చూసి సరిగ్గా ఆ వారమే కొంటాం మనం. వీలైతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యకు జరపండి.

తాడు పట్టే చేతులకు

చాలా ఓడల్లో ఇష్టమున్న ప్రయాణికులను చాప ఎత్తడానికి పిలుస్తారు. మన తీరంలో వల లాగేటప్పుడు "హైలెస్సా" అన్న కేక ఎందుకు పుట్టిందో అక్కడ చేతులకు తెలుస్తుంది. తడిసిన చాప బరువు ఒక్కొక్కరుగా లాగితే కదలదు, అందరి బరువూ ఒకే క్షణంలో పడాలి. చేతులతో కాదు, మోకాళ్ళు వంచి వెనక్కి ఒరుగుతూ ఒంటి బరువుతో లాగాలి. లాగింది జారకుండా ఓడ అంచు పలకలో గుచ్చిన గూటానికి కట్టాలి. తాడును మొదట గూటం కింది భాగం చుట్టూ ఒకసారి తిప్పి, తరవాత పైనా కిందా ఎనిమిది అంకె ఆకారంలో మూడుసార్లు వేస్తారు. ఆ మొదటి చుట్టే బరువంతా మోస్తుంది. విప్పేటప్పుడు ఎనిమిదులు తీసేసి మొదటి చుట్టు మీద చెయ్యి పెట్టి కొంచెం కొంచెం వదలాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇక్కడే: మొదటి చుట్టు కూడా ఒక్కసారే తీసేస్తారు. తాడు అరచేతిలోంచి పరుగెత్తి తోలు ఊడదీస్తుంది.

ఉంగరాలు, గాజులు తీసి గదిలో పెట్టండి. తాడుకు చిక్కిన ఉంగరం వేలిని వదలదు. చున్నీ, పైట కొంగు నడుముకు బిగించాలి. నేల మీద చుట్టగా పడున్న తాడులో పాదం పెట్టకూడదు, మిగిలిన కొస ఎప్పుడు లేస్తుందో తెలియదు.

కొయ్య ఎక్కనిచ్చే ఓడల్లో నడుముకు, భుజాలకు పట్టీ కట్టి తాడు తగిలిస్తారు. ఎక్కేది గాలి వచ్చే పక్కనుంచే. అటు ఎక్కితే గాలి మనిషిని నిచ్చెనకేసి నొక్కుతుంది, రెండో పక్కయితే ఊడదీస్తుంది. చేతులతో పట్టుకోవాల్సింది నిలువు తాళ్ళను, అడ్డంగా ఉన్న మెట్ల తాళ్ళను కాదు. మెట్టు తాడు తెగొచ్చు, కొయ్యను నిలబెట్టే నిలువు తాడు తెగదు.

కడుపు, గది, ఒడ్డు

చాపలెత్తిన ఓడ ఒక పక్కకు ఒరిగి నిలకడగా పోతుంది, గాలి దాన్ని పట్టి ఉంచుతుంది. కడుపు తిప్పేది ఎక్కువగా చాపలు దించి లంగరు వేసినప్పుడు, అటూ ఇటూ ఊగే ఊపులో. గది ఓడ నడుమ, కింది అంతస్తులో ఉంటే ఊపు తక్కువ. ముక్కు దగ్గరి గదుల్లో తెల్లవారుజామున లంగరు గొలుసు మోత గ్యారంటీ. అవొమిన్ లాంటి ప్రోమెథజైన్ మాత్ర వాంతి మొదలయ్యాక అంతగా పనిచేయదు, బయల్దేరడానికి గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి. డాక్టరును అడిగే వేసుకోండి. అది నిద్రమత్తు తెస్తుంది, వేసుకున్న రోజు కొయ్య ఎక్కొద్దు. ఖాళీ కడుపుతో ఉండకూడదు, చూపు దూరాన సముద్రపు గీత మీద ఉంచాలి.

శాకాహారం సంగతి బుకింగ్ నాడే రాతపూర్వకంగా చెప్పాలి. ఆవకాయ సీలు వేసిన డబ్బాలో తీసుకెళ్ళండి, దిగే దేశంలో కస్టమ్స్ ఫారంలో ఆహారం ఉందని రాయండి. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్ మాత్రం ఇంట్లోనే వదలండి. వేడి చేసే సామాను గదుల్లో ఉంచనివ్వరు.

స్టార్ క్లిప్పర్ లాంటి ఓడ నీటిలో సుమారు 5.6 మీటర్లు మునిగి ఉంటుంది. చిన్న దీవుల ఒడ్డుకు రాలేదు. దూరాన లంగరు వేసి చిన్న పడవల్లో దించుతారు. చాలాచోట్ల మోకాలి లోతు నీళ్ళలో దిగాలి. పాత మద్రాసులో కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవలు ఓడల నుంచి జనాన్ని ఇలాగే అలల మీదుగా తెచ్చేవి. మేకులు కొట్టిన పడవ అల దెబ్బకు బద్దలయ్యేది, కుట్టింది వంగి తట్టుకునేది. ఇప్పటి పడవలో మీరు పాటించాల్సింది చిన్నదే: అల పడవను ఎత్తినప్పుడు అడుగు వేయాలి, దించేటప్పుడు కాదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు ఈ ఒక్క విషయం విచారించుకుని నిర్ణయించుకోవాలి.

కాగితాలు

బార్బడోస్, గ్రెనడా, సెయింట్ విన్సెంట్, డొమినికాలకు భారతీయ పాస్‌పోర్టుతో ముందస్తు వీసా లేకుండా వెళ్ళొచ్చు. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్ భూభాగాలే అయినా షెంగెన్ అనే యూరప్ ఉమ్మడి వీసా ప్రాంతంలో లేవు. మామూలు షెంగెన్ వీసా చాలదు, ఆ దీవులకు చెల్లేలా వీసా అడగాలి. ఒక్క దీవికి వీసా లేకపోతే ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. లండన్ మీదుగా పోతే అక్కడి ట్రాన్సిట్ వీసా కావాలో లేదో చూసుకోండి, అమెరికా మీదుగా అయితే అమెరికా వీసా తప్పదు. పనామా, ట్రినిడాడ్ తగిలే దారిలో తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. టీకా వేసుకున్న 10 రోజులకు గాని పత్రం చెల్లదు. చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు.

ఏజెంటు ముందుగానే వసూలు చేసే పన్ను టీసీఎస్ పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. మీ పన్ను ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. బీమాలో వైద్యంకోసం వేరే దేశానికి తరలించే ఖర్చు ఉండాలి. వాతావరణం బట్టి దీవులు మార్చే హక్కు కంపెనీదేనని ఒప్పందంలో ఉంటుంది, తప్పిన దీవికి డబ్బు వెనక్కి రాదు. ఓడ ఎవరికోసమూ ఆగదు కనక ఒకరోజు ముందే రేవు ఊరికి చేరండి.

ఇంత డబ్బు కట్టేముందు ఒకటి రెండు శనివారాలు చెన్నై రేవుకు వెళ్ళండి. 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ అక్కడే ఉన్నాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక చిన్న పడవ చుక్కాని చేతికిచ్చి గాలికి ఎదురు తిప్పమంటారు. ఒక కోణం దాకా పడవ పోతుంది, ఆపైన చాప టపటపా కొట్టుకుంటుంది, కాళ్ళ కింద పడవ ఆగిపోతుంది. కాస్త వెనక్కి తిప్పగానే చాప నిండి, పక్కకు ఒరిగి, మళ్ళీ కదులుతుంది.